నూకరత్నం కుట్టిన కంప్యూటరు గూడు

నేను ఒక గూడును. పిట్ట కట్టుకున్నది కాదు, ఎద్దుబండి మీద వేసేదీ కాదు. కంప్యూటరు తెర మీద ఎండ పడకుండా దాని చుట్టూ అమర్చిన అట్టగూడును. నన్ను బజారులో అమ్మరు. నాలాంటిది మీకూ కావాలంటే అనకాపల్లి గవరపాలెం వచ్చి, నూకరత్నం లేడీస్ టైలర్స్ ఎక్కడో కనుక్కుని, ఆవిడకు కొలతలిచ్చి, "లచ్చింవారానికి ఇచ్చీస్తాను" అని ఆవిడ అన్న మాట నమ్మకుండా రోజూ వచ్చి అడుగుతుండాలి. అలా అడిగినవాళ్ళ పనే ఆవిడ ముందు పూర్తి చేస్తుంది. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. నిజానికి చెప్పుకుంటూనే ఉన్నాను, అయినా మీరు అనుకోకండి.

మొదట నేను ఎయిర్ కూలరు వచ్చిన పెట్టెను. అంతకు ముందు ఏమిటంటే చెప్పడం కష్టం. అట్టల మిల్లులో పాత కాగితాలన్నీ ఒకే తొట్టిలో నానబెడతారు. పెళ్ళి శుభలేఖలు, గైడు పుస్తకాలు, కిరాణా పొట్లాలు, ఎన్నికల కరపత్రాలు అన్నీ కలిసి గుజ్జయి, ఆరి, ముడతలు పడి నేనయ్యాను. అందుకే నాకు అన్ని సంగతులూ కాస్తకాస్త తెలుసు, ఏదీ పూర్తిగా తెలియదు. ఇటు వైపు పైకి ఉండాలని నా ఒంటి మీద ఒక బాణం గుర్తు ముద్ర వేశారు. మిల్లు నుంచి అనకాపల్లి దాకా నన్ను ఎత్తిన ప్రతివాడూ ఆ బాణాన్ని కిందికే పెట్టాడు. గుర్తు వేసేదీ మనుషులే, చూడనిదీ మనుషులే.

నూకరత్నం భర్త సన్యాసిరావు బెల్లం లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రాయపూర్ దారిలోనే ఉంటాడు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కూలరు కొని తెచ్చి దింపి, "ఇదిగో, సల్లగా కూకుని కుట్టుకో" అని భార్యతో చెప్పి, అన్నం తిని, మళ్ళీ లారీ ఎక్కేశాడు. కూలరుకు కొట్టులో ఉద్యోగం దొరికింది. నేను కత్తిరింపు బల్ల కింద గుడ్డపీలికలు దాచే పెట్టెనయ్యాను. నాకేం లోటు లేదు. కడుపు నిండా రంగురంగుల గుడ్డలు, పైన రోజంతా కబుర్లు. ఎవరి జాకెట్టు ఎందుకు బిగుతైందో ఆ బల్ల కిందే తెలిసేది.

కొట్టంటే వేరే కాదు, వాళ్ళ ఇంటి ముందు గదే. పొడుగాటి ఇరుకు గది. వీధి వాకిలి పడమటికి ఉంటుంది. వాకిలికి దగ్గరగా ఒక పక్క గోడకు కుట్టు మిషను, ఎదురు గోడకు కత్తిరింపు బల్ల. గది చివర, తూర్పు గోడకు ఆనించి కంప్యూటరు. అది సన్యాసిరావు చెల్లెలు ఝాన్సీది. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటుందని నాలుగేళ్ళ కిందట కొన్నారు. కొన్నరోజే వాళ్ళమ్మ అప్పలనరసమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తూర్పు గోడకు పెట్టించింది. తూర్పు ముఖంగా కూర్చుంటేనే చదువు ఒంటబడుతుందని ఆవిడ నమ్మకం. కూర్చునే పిల్ల ముఖం తూర్పుకు తిరిగితే తెర ముఖం పడమటికి తిరుగుతుందనీ, ఎదురుగా వాకిలి ఉందనీ, సాయంత్రమయ్యేసరికి సూర్యుడు చెప్పులు విడవకుండా నేరుగా తెర మీదికే వస్తాడనీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

తలుపు మూసేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఝాన్సీ కూడా అడిగింది. నూకరత్నం ఒప్పుకోలేదు. గుడ్డ రంగుకు దారం రంగు కలపాలంటే పగటి వెలుతురు ఉండాలి. ట్యూబులైటు కింద మెరూన్ గుడ్డకు సరిపోయిందనుకున్న దారం తెల్లారి వీధిలోకి తెస్తే ఇటుక రంగులో పళ్ళికిలిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్న మనిషి, దారం కలవని జాకెట్టు ఒక్కటీ ఇచ్చి ఎరగదు. పైగా పెళ్ళిళ్ళ కాలం, ఆదివారం సాయంత్రమే బేరాలన్నీ. వదినకు వెలుతురు కావాలి, ఆడపడుచుకు నీడ కావాలి, ఇద్దరికీ ఉన్నది ఒకే వాకిలి.

ఝాన్సీకి ఇరవై ఆరేళ్ళు. బట్టల షోరూములో బిల్లింగు కౌంటరులో పని. బ్యాంకు పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఆ తరవాత పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టి, అదే కంప్యూటరులో ఒక ఆట మొదలుపెట్టింది. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. చేతిలో రంగు చిమ్మే తుపాకులు. చీకటి కోటలో ఎక్కడో ఒక జెండా ఉంటుంది. దాన్ని ముందు పట్టుకొచ్చిన జట్టు గెలిచినట్టు. ఒంటి మీద రంగు పడినవాళ్ళు బయటికి పోవాలి. అప్పలనరసమ్మ దానికి పిచికారీ ఆట అని పేరు పెట్టింది. "ఇరవయ్యారేళ్ళ గుంటకి పిచికారీ ఆటేటే, నవ్వుతారు ఎవులైనా" అనేది. ఝాన్సీ పట్టించుకోలేదు. పనికి వెళ్ళేముందు పొద్దున్నే గంటసేపు ఆడేది. పొద్దున పూట పడమటి వాకిట్లో ఎండ ఉండదు కదా, ఆ పిల్ల కంటికి చీకటి కోటలో చీమ కూడా తప్పించుకునేది కాదు.

ఆ ఆట చూసి శ్రీకాకుళం నుంచి ప్రసూన అనే ఆవిడ పిలిచింది. ఆవిడ నర్సు. ఉత్తరాంధ్ర ఆడపిల్లలతో అయిదుగురి జట్టు కట్టి విశాఖపట్నంలో జరిగే పోటీకి తీసుకెళ్ళాలని ఆవిడ పట్టుదల. తనతో కలిపి నలుగురు కుదిరారు. అయిదో చోటుకు ఝాన్సీని మూడు ఆదివారాలు ఆడించి చూస్తానంది. అందరికీ తీరికయ్యేది ఆదివారం సాయంత్రం నాలుగింటికే.

మొదటి ఆదివారం నేను బల్ల కింద నుంచే అంతా విన్నాను. ఆట మొదలై అయిదు నిమిషాలు కాలేదు, ఝాన్సీ కుర్చీలో గింజుకోవడం మొదలుపెట్టింది. చేత్తో తెరకు అడ్డం పెట్టింది. చున్నీ తల మీద కప్పుకుంది. చున్నీ కింద ఉక్కపోసి తీసేసింది. చూస్తుండగానే రంగు పడి బయటికి పోయింది. స్పీకరులోంచి ప్రసూన గొంతు వచ్చింది.

"ఏటయ్యింది ఝాన్సీ? పొద్దున్న ఆడినప్పుడు పులివి. ఇప్పుడు గోడలకి గుద్దుకుంటన్నావు."

"ఎండ పడతంది ప్రసూనక్కా. తెర మీద కోట కనబడట్లేదు, నా మొకం కనబడతంది. నా ఎనకాల జాకెట్టు ముక్కలు పట్టుకుని నిలబడ్డ గవర్రాజు గారి కోడలు కూడా కనబడతంది."

అవతల ముగ్గురు ఆడపిల్లలూ పకపకా నవ్వారు. ప్రసూన కూడా నవ్వి, తరవాత నవ్వు ఆపింది. "ఇంక రెండు ఆదివారాలున్నాయి. మూడో ఆదివారం సాయంత్రానికి అయిదుగురి పేర్లూ పంపించీయాలి. నాకు నువ్వే కావాలనుంది. కాని కనబడని మనిషిని జట్టులో ఎలగ పెట్టుకోనే?"

ఆ సాయంత్రం బేరాలు పలచబడ్డాక ఝాన్సీ మిషను పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. కాసేపు కింద పడిన గుండీలు ఏరింది. ఆ తరవాత తల ఎత్తకుండానే అంది. "షోరూములో ఆరేళ్ళయింది వదినా. నన్ను ఇప్పటికీ కౌంటర్ నంబర్ రెండు అనే పిలుస్తారు. బ్యాంకు నాకు రాలేదు. ఇదొక్కటీ నాకు బాగా వచ్చు. బాగా వచ్చని నాకు తెలుసు. ఇదీ పోతే ఇంక నాకేం వచ్చో నాకే తెలీదు."

నూకరత్నం పెద్దగా ఓదార్పు మాటలు తెలిసిన మనిషి కాదు. మిషను ఆపి, తెర వైపు చూసి, వాకిలి వైపు చూసి, ఒంగి బల్ల కింద నుంచి నన్ను బయటికి లాగింది. నా కడుపులో ఉన్న గుడ్డపీలికలన్నీ నేల మీద కుమ్మరించింది. "ఎండకి గొడుగున్నాది, బండికి గూడున్నాది. దీనికి నాను కుడతాను" అంది.

ఇక చూడండి నా వైభోగం. ఆవిడ మెడలోని టేపు తీసి కంప్యూటరు తెరకు కొలతలు తీయడం మొదలుపెట్టింది.

"ఒలే ఝాన్సీ, దీనికి భుజం ఎక్కడే?"

"తెరకి భుజమేటి వదినా!"

"భుజం నేకపోతే కొలత ఎక్కడ మొదలెడతాను? ఇదిగో, ఈ పైఅంచు భుజం. ఈ పక్కలు చేతులు. ఈ అడుగు నడుము. పొడుగు మూరెడు ఉంచుతాను, నాలుగింటి ఎండ ఎంత వాలినా లోపలికి రాదు. నువ్వు తల లోపలికి పెట్టీ."

ముందు పేపరు మీద గీసి కత్తిరించింది. ఆ పేపరు నా మీద పరిచి సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. గుడ్డ కత్తెర పాడవుతుందని కూరగాయల కత్తితో కోసింది. ఆ కత్తి అప్పలనరసమ్మది, దాని మీద సాయంత్రమంతా గొడవ. పైకొక పలక, పక్కలకు రెండు, కింద ఒకటి, ఒక్కో పలకకు అట్ట రెండు పొరలుగా మైదా జిగురుతో అతికించి, మూలలకు జాకెట్టు హుక్కులు పెట్టింది. పని అయ్యాక హుక్కులు విప్పితే నేను పలకలు పలకలుగా మడత పడతాను. వెనక తెరకు తగిలించడానికి లంగా ఎలాస్టిక్. అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో, కంప్యూటరుకి జాకెట్టు కుట్టీసిందిరా నా కోడలు!"

అక్కడితో ఆగి ఉంటే నా కథ ఇక్కడే సుఖంగా ముగిసేది. ఆగలేదు. నూకరత్నానికి ఝాన్సీ అంటే ప్రాణం. ప్రాణమైన వాళ్ళకు కుట్టేటప్పుడు ఏ టైలరూ మామూలు లైనింగు వెయ్యదు. బీరువాలో నల్ల శాటిను మూడు మీటర్లుంది. ఒక పెళ్ళికూతురు ఫోనులో డిజైను చూసి తెప్పించుకుని, నలుపేమిటని నాయనమ్మ కేకలేస్తే వదిలేసి పోయిన గుడ్డ. చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు. దాన్ని నా లోపలంతా పరిచి అతికించి కుట్టేసింది. అంతటితో తనివి తీరక, నా మూతి చుట్టూ బంగారు జరీ పైపింగు తిప్పింది. నన్ను అద్దం ముందు పెట్టినప్పుడు నేను నన్నే గుర్తుపట్టలేదు. కూలరు పెట్టెగా పుట్టి పట్టుపెట్టెనయ్యానని పొంగిపోయాను. ఆ వారమంతా జాకెట్లకు వచ్చిన ఆడవాళ్ళందరూ నన్ను చేత్తో నిమిరి వెళ్ళారు. నాకు నిలువెల్లా గర్వం పట్టింది.

రెండో ఆదివారం నాలుగింటికి ఝాన్సీ నా లోపల తల పెట్టింది. ఆట మొదలైంది. ఎండ వాకిట్లోకి వచ్చింది, నా మూతి దగ్గరకు వచ్చింది, తెర మీదికి నేరుగా వెళ్ళలేక ఆగింది. భేష్ అనుకున్నాను. మరుక్షణమే జరీ అంచు భగ్గుమంది. ఆ వెలుగు తెర మీద పసుపు గీతై పాకింది. కింద పలక మీద పడిన ఎండ శాటిను మీద జారి, పక్క పలకకు తగిలి, అక్కడి నుంచి ఎగిరి తెర మధ్యలో కూర్చుంది. ఎండ ఒక్కచోట పడే రోజులే నయం. ఇప్పుడు నా నాలుగు గోడలూ కలిసి ఆ పిల్ల కళ్ళలోకి చిమ్ముతున్నాయి. ఝాన్సీ కోటలోకి అడుగు పెట్టింది, ఎవరో రంగు చిమ్మారు, బయటికి వచ్చింది. మూడు నిమిషాలు. మొదటి ఆదివారం కన్నా ఘోరం.

"ఝాన్సీ, వచ్చేవారం ఇంకో అమ్మాయిని కూడా రమ్మంటాను" అంది ప్రసూన. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. "నీ తరవాత తనని ఆడించి చూస్తాను. ఏమీ అనుకోకు."

ఝాన్సీ స్పీకరు ఆపేసి, ఎలాస్టిక్ లాగి నన్ను ఊడదీసి, మంచం మీదికి విసిరింది. "నీ సింగారం నా కొంప ముంచింది వదినా! జరీ ఎవరు పెట్టమన్నారు నిన్ను? ఇది ఆట, పెళ్ళి కాదు!"

నూకరత్నం నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి పిన్నుల దిండుకు గుచ్చింది. "నాకు తెలిసినంతలో మంచిదే పెట్టేను" అని మాత్రం అంది. ఆ తరవాత వదినా ఆడపడుచులు మాట్లాడుకోలేదు. సోమవారం మాట్లాడుకోలేదు, మంగళవారం మాట్లాడుకోలేదు. అన్నం వడ్డించేటప్పుడు గరిటెలే మాట్లాడుకున్నాయి. మధ్యలో అప్పలనరసమ్మ నలిగిపోయింది. ఆవిడకు ఆట గెలవడం ఓడడం పట్టదు గాని, ఇంట్లో మాటలు లేకపోతే ముద్ద దిగదు. గురువారం పని నుంచి తొందరగా వచ్చిన ఝాన్సీ దగ్గరకెళ్ళి, "పోనీ, నీ కంప్యూటరు పడమటికి తిప్పీసుకోయే, నానేటీ అనను" అంది. అంత మాట ఆవిడ నోట వినడం ఇంట్లో ఎవరికైనా అదే మొదలు. ఝాన్సీ ఆశగా బల్ల తిప్పి కూర్చుంది. అప్పుడు ఎండ తెరను వదిలి నేరుగా పిల్ల ముఖం మీద కొట్టింది. మళ్ళీ తిప్పేశారు.

నా సంగతంటారా? మంచం మీద బోర్లా పడి సిగ్గుతో చచ్చాను. నేను చేయవలసింది ఒకే ఒక్క పని, నీడ ఇవ్వడం. అది మానేసి మెరిశాను.

శనివారం సాయంత్రం నూకరత్నం నన్ను ఒళ్ళో పెట్టుకుని కుట్లు విప్పడానికి కూర్చుంది. శాటిను ఊడదీసి, జాకెట్లకు వాడుకుని, నన్ను మళ్ళీ పీలికల పెట్టెగా చేసేద్దామని ఆవిడ ఉద్దేశం. ముందు జరీ పైపింగు లాగింది. తరవాత కింద పలక శాటిను విప్పి నేల మీద వేసింది. అది సగం మడతపడి, సగం తిరగబడి పడింది. సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి ఎండ పలక దాని మీద పడింది. మంచి వైపు ఉన్న సగం కళ్ళు చెదిరేలా మెరిసింది. తిరగబడిన సగం బొగ్గులా ఉన్నచోటే ఉంది. ఎండ అక్కడికి వెళ్ళి తిరిగి రాలేదు.

నూకరత్నం దాన్ని చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆవిడ ముఖం చూసి నాకు అర్థమైంది, ఆవిడకు విషయం తెలిసిపోయింది, చెయ్యడానికి మనసు రావడం లేదు. మీకు ఆ పని గురించి తెలియకపోతే చెబుతాను. టైలరుకు గుడ్డ తిరగ వైపు కుట్టడం కన్నా నామోషీ లేదు. పని నేర్చుకునే రోజుల్లో ఆవిడ ఒక జాకెట్టు చెయ్యి పొరపాటున తిరగేసి కుడితే, నేర్పిన అప్పాయమ్మ ఆ జాకెట్టును వీధి గుమ్మానికి మూడు రోజులు వేలాడదీసింది. ఆ మూడు రోజులూ నూకరత్నం దొడ్డిదారిన వచ్చి పోయింది. ఆ తరవాత ఇరవై రెండేళ్ళలో ఆవిడ మిషను కిందికి తిరగబడ్డ గుడ్డ వెళ్ళలేదు. రేపు నలుగురూ వచ్చి నా లోపల చూస్తారు. చూసి, నూకరత్నం కళ్ళు పోయాయా అంటారు.

"అంటే అననీ" అంది ఆవిడ పైకే. సూదిలోకి నల్ల దారం ఎక్కించి, శాటినంతా విప్పి, తిరగేసి, నాలుగు పలకలకూ మళ్ళీ కుట్టింది. మూతికి జరీ బదులు పాత గొడుగు గుడ్డ అంచు వేసింది. ఝాన్సీ షోరూము నుంచి వచ్చేసరికి నేను తెరకు తగిలి ఉన్నాను. ఆ పిల్ల వంగి నా లోపల చూసింది. వేలుతో గుడ్డ తడిమింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు ఏది మంచి వైపో ఏది తిరగ వైపో చెప్పక్కర్లేదు.

"వదినా, తిరగేసి కుట్టేవా?"

"అవునే."

"నువ్వా?"

"నానే. ఎవులైనా అడిగితే నువ్వు కుట్టేవని సెప్పు" అంది నూకరత్నం. ఝాన్సీ వెనక నుంచి వచ్చి వదిన మెడ చుట్టూ చేతులు వేసింది. టేపూ, పిల్లా, నూకరత్నం మెడా అన్నీ చిక్కుపడిపోయాయి. అప్పలనరసమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "అమ్మయ్య, పప్పు పోపెడతాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో ఆదివారం వచ్చింది. నాలుగింటికి ఎండ ఎప్పటిలాగే చొరవగా లోపలికి దూసుకొచ్చింది. మూతి దగ్గర ఒక అడుగు వేసింది, కింద పలక మీద పడింది, పడినచోటే చల్లారింది. తెర మీద మచ్చ లేదు, గీత లేదు. నా లోపల చిక్కటి చీకటి, ఆ చీకట్లో కోట ఇటుక ఇటుకా కనబడుతోంది. సాయంత్రం పూట ఆ కోట ఎలా ఉంటుందో ఝాన్సీ చూడడం అదే మొదటిసారి. "అబ్బా" అంది మెల్లగా. ఇంక ఆ పిల్ల కదలలేదు. చేతులు మాత్రం ఆడుతున్నాయి, తల నా లోపల పాతినట్టు ఉండిపోయింది.

పది నిమిషాలైంది, పదిహేనైంది. బయట నుంచి చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో ఊహించండి. తల మెడ దాకా అట్టపెట్టెలో పెట్టి మనిషి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. టీ గ్లాసు తెచ్చిన అప్పలనరసమ్మ అది చూసింది. "ఒలే, గుంటకి అందులో ఊపిరాడతన్నాదా నేదా!" అంటూ గ్లాసు మిషను మీద పెట్టి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, తన తల కూడా నా లోపలికి దూర్చింది.

అప్పటికి అటువైపు నలుగురు బయటికి పోయారు. ఇటువైపు ఝాన్సీ, ప్రసూన మిగిలారు. జెండా ఎదురుగా నేలమాళిగలో ఉంది. ఝాన్సీ దాని దగ్గరకు వెళ్ళకుండా ఒక స్తంభం చాటున ఆగి ఉంది. ఎందుకాగిందో అవతల ప్రసూనకు అర్థం కాలేదు. "ఎల్లవేటి ఝాన్సీ? ఎవరూ లేరు కదా!"

"అల్లదిగో!" అని ఒక్క కేక పెట్టింది అప్పలనరసమ్మ. నా పలకలు నాలుగూ అదిరాయి. "అల్లదిగో, ఆ బానల ఎనకాల నక్కేడే దొంగ సచ్చినోడు! మోకాలు కనబడతన్నాది!"

"సూసేనే అమ్మా, ఊరుకో" అంది ఝాన్సీ, కళ్ళు తిప్పకుండా. "వాడు లేచేదాకా ఆగేను."

బానల వెనక నల్లటి నీడలో ఇంకో నల్లటి నీడ ఉంది. రెంటికీ తేడా గోరంత. అరవై మూడేళ్ళ అప్పలనరసమ్మ, సూదిలో దారం ఎక్కించడానికి కోడల్ని పిలిచే అప్పలనరసమ్మ, దాన్ని పట్టేసింది. ఇంతకన్నా నా పనితనానికి సాక్ష్యం ఏం కావాలి? ఆ నీడ కాస్త పైకి లేచింది. ఝాన్సీ ఒక్కసారే చిమ్మింది. నీడ పసుపు రంగై కూలబడింది. జెండా ఝాన్సీ చేతికి వచ్చింది. స్పీకరులో నాలుగు గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

అరుపులు తగ్గాక ప్రసూన అడిగింది. "ఇందాక ఆ కేక ఎవరిదే?"

"మా అమ్మది అక్కా. చెప్పక ముందే చూసేను, ఒట్టు."

"తెలిసిందిలే, నువ్వు ఆగినప్పుడే తెలిసింది. నాకే కనబడలేదు వాడు." ప్రసూన నవ్వింది. ఆ తరవాత కొత్త అమ్మాయిని ఆడించింది, మాట ఇచ్చింది కాబట్టి. ఆ అమ్మాయి కూడా బాగానే ఆడిందట. అరగంట ఝాన్సీ గోళ్ళు కొరుక్కుంది, నూకరత్నం ఒకే హుక్కును నాలుగుసార్లు కుట్టి విప్పింది. అయిదూ పదికి ఫోను మోగింది. అయిదో పేరు ఝాన్సీది. ఆ కొత్త అమ్మాయిని ఆరో మనిషిగా ఉంచారు. ఇంట్లో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో నాకు సరిగ్గా తెలియదు, ఎందుకంటే ఆ గందరగోళంలో ఝాన్సీ నన్ను కూడా కౌగిలించుకుని నా పై పలక వంచేసింది. జాకెట్లకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు సంగతేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

అక్కడి నుంచి నాకు బంధువులు పుట్టడం మొదలైంది. ప్రసూన తన కొలతలు పంపింది. జట్టులో మిగిలిన ముగ్గురూ పంపారు. నూకరత్నం అందరికీ కుట్టింది, అన్నిటికీ లోపల శాటిను తిరగేసే వేసింది. ఎవరైనా వచ్చి, "ఇదేటే రత్నం, తిరగ కుట్టేవు?" అని అడిగితే, తలెత్తకుండా, "కావాలనే కుట్టేను. మెరిస్తే కనబడదు" అనేది. ఝాన్సీ కుట్టిందని ఒక్కసారీ చెప్పలేదు.

వైశాఖంలో పోటీ. విశాఖపట్నంలో కిటికీలు లేని పెద్ద హాలు, చల్లటి గాలి, ఎండ పొడ లేదు. అక్కడి కంప్యూటర్లు అక్కడివే, గూళ్ళు అక్కర్లేదన్నారు. ఝాన్సీ సంచి సర్దుకుని, నా మీద ఒకసారి చెయ్యి వేసి, బస్సుకు వెళ్ళిపోయింది. అబద్ధం ఎందుకు, నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. నేను లేకుండానే కోట గెలవడానికి వెళ్ళింది. అయినా ఏం, పిల్లలకు నడక వచ్చాక చెయ్యి పట్టుకుంటామంటే ఊరుకుంటారా అని సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం నాలుగింటికి ఆటను ఇంటర్నెట్లో అందరికీ చూపిస్తారట. మూడున్నరకే నూకరత్నం మిషను మీద గుడ్డ కప్పేసింది. పెళ్ళిళ్ళ కాలంలో ఆదివారం పూట ఆవిడ మిషను ఆగడం ఆ వీధి ఎరగదు. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు జాకెట్ల కోసం నిలబడ్డారు. "కూకోండి, ఆటయ్యాక ఇస్తాను" అంది. ఝాన్సీ కుర్చీలో అప్పలనరసమ్మ, పక్కన ముక్కాలి పీట మీద నూకరత్నం. ఒక తలకని కుట్టిన నా లోపల రెండు తలలు దూరాయి. కొప్పులు ఒరుసుకుని మొదట కాసేపు దెబ్బలాడుకున్నారు.

"మన గుంట ఏదే ఇందులో?"

"నీలం చొక్కా అత్తా. అదిగో, ముందు పరిగెడతంది."

"ఎందుకే అంత తొందర, పడిపోద్ది."

"పడదు అత్తా. చూడు."

చూశారు. కోటలో ఝాన్సీ ఎక్కడ ఆగితే వీళ్ళ ఊపిరి అక్కడ ఆగింది. ఆ రోజు వాళ్ళు మొదటి ఆట గెలిచారు, రెండోది ఓడారు, మూడోది చివరి నిమిషంలో గెలిచి పైమెట్టుకు వెళ్ళారు. ఆట అయ్యాక తెర మీద కోట పోయి మనుషులు వచ్చారు. హాలునిండా జనం. మైకు పట్టుకున్న ఎవరో చివరి జెండా తెచ్చిన అమ్మాయిని ముందుకు రమ్మన్నారు. "అనకాపల్లి నుంచి ఝాన్సీ!" అని గట్టిగా చదివారు. ఆ పిల్ల లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, చెయ్యి పైకెత్తి నవ్వింది. హాలంతా ఆ పేరే అరిచింది.

అప్పలనరసమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏటత్తా, ఏడస్తన్నావేటి?" అంది నూకరత్నం.

"నానెందుకు ఏడస్తాను?" పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది అప్పలనరసమ్మ. "ఎండ. ఎండ కంట్లో కొడతంది."

ఆ ఇంట్లో ఎవరు ఏమన్నా ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఉన్నాను. ఈ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. వాకిట్లో ఎండ ఉంది, నిజమే, మంచి అయిదింటి ఎండ. కానీ నేనుండగా అది ఆవిడ కళ్ళ దాకా వచ్చే ప్రసక్తే లేదు.